కాశింసాబు చేలో నల్లరాతి గోడ

ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. నా సుత్తి మీద ఒట్టు.

1978. భూగర్భశాస్త్రంలో డాక్టరేట్ కోసం ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య బండలు కొడుతూ తిరుగుతున్న రోజులు. ఎండ ఎంతంటే, సుత్తి దెబ్బకు లేచిన నిప్పురవ్వ నీడ కోసం నా టోపీ కిందికి దూరేది.

కోట్ల ఏళ్ల కిందట ఈ నేలను ఏదో బలం రెండు వైపులకూ లాగింది. గ్రానైటు బీటలు వారింది. లోపలి నుంచి మాగ్మా, అంటే కరిగిన రాయి, ఆ బీటల్లోకి ఎక్కి గడ్డకట్టింది. అలా నిలిచిన నల్లరాతి గోడే డైక్. ఒక గీత వెంట నడుస్తూ డైకుల వెడల్పులు కూడితే నేల ఎంత సాగిందో తెలుస్తుంది. అదే నా పరిశోధన. డైక్ భూగర్భ జలానికి అడ్డుకట్ట కూడా. దాని ఎగువన ఊట నిలుస్తుంది.

ఈ చివరి మాట పెద్దకడుబూరు దగ్గర వేరుశనగ వేసే కాశింసాబు చెవిన పడింది. అతని బావి ఎండిపోయింది. కొత్త బావి కోసం ఎద్దుల జతలో ఒకదాన్ని అప్పటికే అమ్మేశాడు.

"ఈ తూరి నీళ్లు పడకుంటే రెండోదాన్నీ అమ్మి, కూలికి పోవాల్సిందే సారూ. యాడ తవ్వాల్నో సెప్పు."

చేనుకు అడ్డంగా, ముళ్లకంపల కింద, నల్లరాళ్ల వరస తిన్నగా పోతోంది. నా పటంలో డైకులన్నీ సాగే దిక్కుకే. పైనుంచే టేపు పెట్టాను. అంత వెడల్పైన డైక్ నేనెక్కడా చూడలేదు. ఎగువన కర్ర పాతి, "ఇక్కడే" అన్నాను.

మధ్యాహ్నం అతని తల్లి హుసేన్‌బీ జొన్నరొట్టెలు తెచ్చింది. ఆమెకూ ఆ గోడ వయసు చెప్పాను.

"కోట్ల ఏండ్లా? మా మామ పేర్చినాడప్పా దీన్ని. నేను కాపురానికొచ్చిన ఏడు ఈ రాళ్లు మోసినాను."

"అమ్మా, సారు పెద్ద సదువు సదివినాడు" అన్నాడు కాశింసాబు.

"సదివితే సదివినాడులే. ఆ సదువొచ్చి నా నెత్తిన గంప దించిందా?"

ఒక రాయిని కాలితో తోశాను. కదిలింది. కింద వట్టి మట్టి. చేను సాగుకు తెచ్చేటప్పుడు నాగలికి అడ్డొచ్చిన రాళ్లను ఇలా వరసగా పేర్చడం అక్కడి అలవాటు.

"ఎక్కడి నుంచి మోశారమ్మా?"

"ఆ పల్లంలో నుంచి. ఆడ కర్రు పెడితే ఇరిగేది."

పల్లంలో మూర లోతున అసలు డైక్ దొరికింది, సన్నగా. దాని ఎగువన తవ్విన బావిలో ఊట పడింది. ఎద్దు మిగిలింది. నా థీసిస్‌లో అన్నిటికన్నా వెడల్పైన డైక్‌ను కొట్టేశాను. నేల సాగిన లెక్క ఆ మేరకు తగ్గింది. రాయిని కొలిచే ముందు అది నేలలో పాతుకుని ఉందో లేదో చూడాలని, చూడకముందే ఆ చేను దున్నినవాళ్లను అడగాలని తెలిసింది.

ఇక ఒట్టు సంగతి. నిప్పురవ్వను మీరెటూ నమ్మి ఉండరు. నేను కల్పించింది అది కాదు, ఆ మధ్యాహ్నమే రాయిని తోశానన్న మాట. తోయలేదు. ముసలామె మాటకు నవ్వి, రొట్టె తిని, ఎమ్మిగనూరు వెళ్లిపోయాను. వారానికి తిరిగి వచ్చేసరికి, కర్ర పాతిన చోట కాశింసాబు నిలువెత్తు గుంతలో నిలబడి ఉన్నాడు. అడుగున పొడి మొరం.

హుసేన్‌బీ గంపలోంచి రొట్టె తీసి చేతిలో పెట్టింది.

"తిను నాయనా. తిన్నాక ఆ రాయి కొంచెం కదిలిచ్చి సూడు."