నెల్లూరులో ఉన్న అబ్బాయి

మద్రాసులో, చూలై పేటలో నేను అద్దెకున్న ఇంటి పైగదిలో ఇంటివాళ్ళ అబ్బాయి ఉండేవాడు. వీధి మొత్తానికి మాత్రం అతను నెల్లూరులో ఉన్నాడు. ఇది ఎన్నాళ్ళు సాగుతుందా అని ఆ వేసవిలో పైకి చూసినప్పుడల్లా అనుకునేవాణ్ణి.

పందొమ్మిది వందల యాభైల మొదట్లో నేనొక తెలుగు దినపత్రికలో పగటి డ్యూటీ చేసేవాణ్ణి. ఇంటి యజమాని ధనియాలు, ఎండుమిర్చి టోకు వ్యాపారి. తాతల కాలం నుంచి మద్రాసులోనే ఉన్న కుటుంబం. అందరూ ఆయన్ను శెట్టిగారనేవారు. అబ్బాయికి పద్దెనిమిదేళ్ళు, ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. మెట్ల దగ్గర ఎదురుపడితే నా చేతిలో పేపరు లాక్కొని, క్రికెట్ స్కోరు చూసుకొని తిరిగిచ్చేవాడు. పరీక్షలు దగ్గర పడేసరికి అన్నం మానేశాడు. నిద్ర పోయింది. వీధిలో నడిచేవాళ్ళంతా తన గురించే మాట్లాడుకుంటున్నారని అనటం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం సోడా బండివాడి మీద కలబడ్డాడు. మర్నాడే శెట్టిగారు అరుగు మీద నిలబడి, అబ్బాయి మేనమామ ఇంటికి నెల్లూరు వెళ్ళాడని నలుగురికీ చెప్పారు. పైగది తలుపుకు బయటి గొళ్ళెం పడింది.

అబద్ధం ఆడటం తేలికే. దాన్ని సంసారంలో ఇముడ్చుకోవటమే కష్టం. అబ్బాయి చొక్కాలు మిద్దె మీద ఆరవేయటానికి లేదు. అన్నం పళ్ళెం చెంగు చాటున పైకి వెళ్ళేది. అతను గదిలో అటూ ఇటూ నడవటం మొదలుపెడితే తల్లి కింద రుబ్బురోలు ముందు కూర్చునేది. ఒకరోజు నీళ్ళకని పెరట్లోకి వెళ్ళి చూశాను. రోట్లో పప్పూ లేదు, పిండీ లేదు. ఉత్త పొత్రం తిప్పుతూ ఉంది.

ఎదురింట్లో పూలు కట్టి అమ్మే ఆమె పొద్దున్నే మాల ఇవ్వటానికి వచ్చి అడిగేది:

"ఏమక్కా, మీవోడికి నెల్లూరు నీళ్ళు పడినాయా?"

"పడినాయి."

"ఆడ మొలగొలుకుల సన్నబియ్యం తిని బొజ్జ పెంచుకోని వస్తాడు చూడు. ఇంక మన రేషను బియ్యం దిగతాయా ఆ గొంతులో!"

ఆమె నవ్వేది. తల్లీ నవ్వేది. ఈ మాటలన్నీ పైగది కిటికీ కిందే జరిగేవి. వీధి తన గురించే మాట్లాడుతోందని భయపడే పిల్లవాడు తలుపు వెనక నిలబడి అవి వింటున్నాడని కింద ఎవరికీ తట్టలేదు.

ఒక పెద్ద ఆసుపత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరు వారంలో కొన్ని రోజులు ఉదయం పూట కూర్చుంటారని ఆఫీసులో విన్నాను. వెళ్ళి కలిశాను. తెలుగాయనే. పేరు అడగకుండా అంతా విన్నారు. "తీసుకురండి. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చు. వారం వారం రావాలి. ఈ వయసులో తొందరగా వస్తే చాలావరకు నిలబడతారు. ఆ గొళ్ళెం మాత్రం తీయించండి" అన్నారు.

శెట్టిగారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు. గొంతు తగ్గించారు.

"ఆడ బల్ల మీద వరసలో కూర్చోమంటావా సారూ? మా బజారోళ్ళు జ్వరమనో దగ్గనో రోజుకొకడు ఆడికే పోతా ఉంటాడు. నోటిమాట మీద సరుకిచ్చే బజారప్పా మాది. ఇంట్లో పిచ్చి ఉండాదంటే ఎవుడిస్తాడు? అమ్మోరికి నలభై దినాల మండలం మొక్కుకోనుండా. అది తీరనీ, చూస్తాం."

"మండలం అమ్మోరికి. నా బిడ్డకు గాదు" అంది తల్లి గుమ్మంలోంచి.

"నువ్వు లోపలికి పో."

ఆమె లోపలికి వెళ్ళింది. కాసేపటికి రుబ్బురోలు చప్పుడు వినిపించింది.

మండలం సగం కాకముందే ఒక ఉదయం గది ఖాళీగా కనిపించింది. స్నానానికి నీళ్ళు పెట్టి దిగిన తల్లి గొళ్ళెం వేయలేదు. మరిచిందో, మనసొప్పలేదో నేను అడగలేదు. శెట్టిగారు కొట్టుకు పోకుండా మూసిన రిక్షా ఒకటి మాట్లాడుకొని, తెర సందులోంచి చూసుకుంటూ ఒక్కరే ఊరు తిరిగారు. ఆగి ఎవరినీ అడగటానికి లేదు. ఏమని అడుగుతారు?

ఆ రోజు నేను ఆఫీసులో కూర్చొని 'కనబడుట లేదు' ప్రకటన ఒకటి రాశాను. వయసు, రంగు, ఎడమ చెవి కింద మచ్చ. అలాంటివి మా దగ్గరికి పరీక్షల కాలంలో ఎక్కువగా వచ్చేవి, చదువుకునే పిల్లలవి. తిరిగి దొరికారా లేదా అన్నది పత్రికకు ఎవరూ చెప్పేవారు కాదు. సాయంత్రం ఇంటికి తెచ్చి చూపిస్తే, కాగితం చదివి శెట్టిగారు అడ్డంగా తలూపారు.

"నెల్లూర్లో ఉండేవోడు ఈడ ఎట్ల తప్పిపోయినాడని అడగరా?" కాస్త ఆలోచించి, ఆశగా, "ఒక పని చెయ్యి సారూ. నెల్లూర్లోనే తప్పిపోయినాడని వెయ్యి" అన్నారు.

"అక్కడ వెతుకుతారండీ, అబ్బాయి ఇక్కడ ఉంటే."

 ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, తిరిగివ్వలేదు.

మరో రెండు పగళ్ళు అలాగే గడిచాయి. మర్నాడు పొద్దున పూలామె మాలతో వచ్చి ఎప్పటిలాగే నెల్లూరు సంగతి ఎత్తింది. తల్లి మాల అందుకోలేదు. అరుగు దిగి వీధి మధ్యకు వెళ్ళింది.

"నా బిడ్డ నెల్లూరు పోలేదు" అంది గట్టిగా. "ఇన్నాళ్ళూ ఈ ఇంట్లోనే ఉండాడు. పైన పెట్టి గొళ్ళెం ఏసినాం. వానికి మతి సరిలేదు. ఇప్పుడు ఏడకో పోయినాడు. ఎవురన్నా చూసుంటే చెప్పండి, మీ కాళ్ళు మొక్కతా."

గుమ్మంలో నిలబడ్డ శెట్టిగారు ఆమెను లోపలికి రమ్మని చెయ్యి ఊపారు.  పూలామె చేతిలో బుట్ట కింద పెట్టింది.

"అయ్యో దేవుడా! మొన్న పొద్దున పూలకు పోతా చూస్తినక్కా. చింతాద్రిపేట వంతెన కాడ కూవం ఏటి నీళ్ళకల్లా చూస్తా నిలబడుకోనుండాడు. అచ్చం మీవోడే. నెల్లూర్లో ఉండే బిడ్డ గదా, వేరే ఎవురోలే అని పలకరీకుండా వచ్చేస్తి."

ఇస్త్రీ చేసే ముసలాయనా చూశాడట. ఆయనా అలాగే అనుకున్నాడట.

మేం వంతెన దగ్గరికి పరుగెత్తాం. నీళ్ళ వైపు చూడటానికి శెట్టిగారికి ధైర్యం చాలలేదు, నేనే చూశాను. అక్కడి ఠాణాలో సంగతి తెలిసింది. వంతెన పిట్టగోడ ఎక్కబోతున్న కుర్రవాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. వెంట ఎవరూ లేరు. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి పిచ్చాసుపత్రికి పంపారు. దిక్కులేనివాళ్ళకు అప్పట్లో చట్టం చూపిన దారి అదే.

తండ్రీ తల్లీ నేనూ అక్కడికి వెళ్ళాం. పెద్దవాళ్ళ వార్డులోనే ఉన్నాడు. ఆ ఈడు పిల్లలకంటూ వేరే చోటు లేదు. పక్క మంచాల్లో ఇరవై, ముప్పై ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళున్నారు. వాళ్ళ వాళ్ళు రావటం ఏనాడో మానేశారట. గుండు గీసిన తలతో అతను గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అక్కడి డాక్టరు చెప్పారు: "ఏ ఊరని అడిగితే నెల్లూరులో ఉండానంటాడు. అక్కడి పోలీసులకే తంతి కొట్టించాం. అతని తాలూకువాళ్ళెవరూ లేరని జవాబొచ్చింది."

తల్లి అతని వీపు మీద చెయ్యి వేసింది. అతను కదల్లేదు.

"పూచీ రాసిస్తే పంపటానికి ఆర్డరు తెప్పిస్తాను. వారం వారం మాత్రం తీసుకురావాలి. ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా" అన్నారు డాక్టరు.

శెట్టిగారు కిటికీలోంచి రోడ్డు చూశారు. ఆసుపత్రి గేటు ఎదురుగానే బస్సు స్టాపు. మనుషులు నిలబడి ఉన్నారు.

"వెనకపక్క గేటేదన్నా ఉండాదా డాక్టరుగారూ?"

"లేదండీ. అందరికీ అదొక్కటే."

"సరి. మంచిరోజు చూసుకోని, మూసిన బండి కుదుర్చుకోని వస్తా" అని ఆయన కండువా సర్దుకున్నారు. నా వైపు చూడకుండా మెట్లు దిగారు.

తల్లి దిగలేదు. వార్డు గుమ్మం పక్కన బల్ల ఉంటే దాని మీద కూర్చుంది. రాత్రి ఆడవాళ్ళు ఇక్కడ ఉండకూడదని నౌకరు చెప్పాడు. ఆమె విననట్టే చెంగు భుజం మీదికి లాక్కొని, కొడుకు వీపు వైపే చూస్తూ కూర్చుంది.