చూపు పోయాక అన్న చెప్పిన మాట

దెయ్యాల మాటెత్తితే నవ్వి ఊరుకునే మనిషిని నేను. కరీంనగర్‌లో ఒక నర్సింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా అనాటమీ చెబుతున్నాను. పుర్రెను చేత్తో పట్టుకుని, దాని వెనక ఎముకనూ, వెన్నుపాము దిగే పెద్ద రంధ్రాన్నీ విద్యార్థులకు చూపించడం నా రోజువారీ పని. ఆ ఎముక లోపల, చిన్నమెదడుకు పైన ఉండే భాగం వల్లే మనకు చూపు. కన్ను పంపుతుంది, చూసేది మెదడు వెనక భాగం. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు.

మా అన్న గ్రానైట్ లారీ డ్రైవరు. ఇల్లు చెన్నూరులో. పోయిన ఎండాకాలం కరీంనగర్ దగ్గర ఒక క్వారీలో, బండరాయికి గొలుసు బిగిస్తూ లారీ మీది నుంచి వెల్లకిలా పడ్డాడు. తల వెనక ఎముక చిట్లింది. దాని కింద మెదడు రెండు వైపులా దెబ్బతిన్నదని స్కాన్‌లో తెలిసింది. ఆ ఫిల్మ్‌ను ఎవరిదో చూసినట్టే చూశాను. నాకు ఏడుపు రాలేదు.

మూడో రోజు అన్నకు స్పృహ వచ్చింది. కళ్లకు ఏమీ కాలేదు. టార్చి వేస్తే కంటిపాప ముడుచుకుంటోంది. చూపు మాత్రం లేదు. లేదని ఆయన ఒప్పుకోలేదు.

"మంచిగనే కనబడ్తుంది చెల్లె. నువ్వు ఎర్ర చీర కట్టుకున్నవ్," అన్నాడు. నేను తెల్ల చుడీదార్‌లో ఉన్నాను.

ఇలాంటి దెబ్బ తగిలితే మెదడు లేని బొమ్మలు అల్లుకుంటుందని డాక్టరు చెప్పాడు. వాదించవద్దన్నాడు. అన్న ఏమంటే అది టైముతో సహా రాయమన్నాడు. రాశాను. కిటికీ లేని గోడకు కిటికీ ఉందన్నాడు అన్న. మంచం కింద మేకపిల్ల ఉందన్నాడు. ఒక్కటీ నిజం కాదు.

తొమ్మిదో రోజు మా వదిన లత బట్టలు తెచ్చుకోవడానికి పొద్దున బస్సుకు చెన్నూరు వెళ్లింది. మధ్యాహ్నం నేను అన్నకు పెరుగన్నం తినిపిస్తున్నాను. ఉన్నట్టుండి నోరు మూసుకుని గోడ వైపు తల తిప్పాడు.

"మోటర్ బందు చెయ్యి చెల్లె."

"ఈడ మోటర్ లేదన్నా. ఇది దవాఖాన."

"లత పడ్డది. కాళ్లు నీళ్లల్ల ఉన్నయి. ఎవలు లేపుతలేరు. జర ఫోన్ చెయ్యి."

గొంతులో కంగారు లేదు. మేకపిల్ల గురించి చెప్పినట్టే చెప్పాడు. ఒంటి గంట పది అని వేసి, ఆ మాటలు రాశాను. మిగిలిన అన్నం తినిపించాను. ఫోన్ నా పక్కనే ఉంది. చేయలేదు.

మూడున్నరకు చెన్నూరు నుంచి వదిన పక్కింటామె ఫోన్ చేసింది.

"మీ వదినెకు కరెంటు కొట్టిందమ్మా. మోటర్ కాడ పడి ఉన్నది. నీళ్లు వాకిలి దాటి బజార్లకు వస్తుంటే పోయి చూసిన. పాణం లేదు."

మోటారు ఇంకా తిరుగుతూనే ఉందట. వదిన పాదాలు నీళ్లలో ఉన్నాయట.

ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు. పన్నెండున్నరకు పక్కింటామెతో మాట్లాడిందని మాత్రం తెలుసు. నేను రాసిన కాగితం డాక్టరు రెండుసార్లు చదివాడు. మోటారు అందరిళ్లలో ఉంటుంది, మనిషికి పెళ్లాం గుర్తుకు రావడం మామూలే, అన్నాడు. నా విద్యార్థులు అడిగితే నేనూ అదే చెబుతాను. కాకపోతే, అన్నకు అంతకుముందు కనబడినవన్నీ ఆ గదిలోవే.

చావు కబురు అన్నకు నేనే చెప్పాను. ఆయన ఏడవలేదు.

"నాకెర్కే," అన్నాడు.

ఆ తర్వాత ఏదైనా కనబడుతోందని ఒక్కసారి కూడా అనలేదు. అడిగితే అంతా చీకటే అంటాడు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. గోడ పట్టుకుని నడుస్తాడు, పొద్దున రేడియో వింటాడు.

చూసే భాగమే పాడైన మనిషికి ఆ మధ్యాహ్నం ఏం కనబడిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన్ని అడగనూ లేదు. అడిగితే, ఫోన్ ఎందుకు చెయ్యలేదని ఆయన అడుగుతాడు.