హుస్సేన్ సార్ జతమాటలు

ప్రొద్దుటూరులో మా ఇంటి కింది అంగళ్లకు ఊదు వేసే సాయిబు వచ్చి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి నెమలీకల కట్టతో పొగను లోపలికి విసిరినప్పుడల్లా, ఆ వాసన మెట్లెక్కి నా వంటింటి దాకా వస్తుంది, నేను స్టవ్ ఆపేసి కాసేపు ఊరికే నిలబడిపోతాను. అది నాకు పీర్లచావిడి వాసన. కొండాపురం పక్కన ఉండిన మా ఊళ్లో, ఇప్పుడు గండికోట రిజర్వాయరు నీళ్ల కింద ఉన్న ఊళ్లో, హుస్సేన్ సార్ మాకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పింది ఆ చావిడి వసారాలోనే.

సార్ కువైట్‌లో ఏదో ఆఫీసులో పనిచేసి వచ్చినాయన. జతమాటల పిచ్చి ఎంతంటే, ముందు అన్నం పెట్టినా కొత్త జత తోస్తే చెయ్యి కడుక్కుని లేచే రకం. చూడటానికి ఒకేలా ఉండి అర్థంలో ఆమడ దూరం ఉండే మాటలను బోర్డు మీద పక్కపక్కన రాసి, ఇద్దరు పిల్లల్ని లేపి తలొక అర్థం చెప్పించేవాడు. ఎమిగ్రేట్ అంటే ఉన్న దేశం విడిచి పోవడం, ఇమిగ్రేట్ అంటే పరాయి దేశానికి వచ్చి ఉండిపోవడం. మేము పచ్చి చెనిక్కాయలు ఒళ్లో పోసుకుని వలుచుకుంటూ, పీర్ల పండగ రోజుల్లోనైతే సార్ భార్య పంపిన బెల్లం మలీదా చప్పరిస్తూ, ఆ మాటలన్నీ పాటలాగా వల్లించేవాళ్లం.

మా పక్కింటి రెడ్ల కవల పిల్లలు రమ, ఉమ. ‘విదర్’ జత వాళ్లది. రమ లేచి “వాడిపోవడం” అనేది. డబ్ల్యూ వెనక ఇంకో హెచ్ చేరిన రెండో విదర్‌కు ఉమ తన బొంగురు గొంతుతో “యాడికి” అనేది. “ఈ రెండోది సచ్చిపోయిన మాటమ్మా, ఇప్పుడెవురూ వాడరు. ఐనా తెలిసుండల్ల,” అనేవాడు సార్, దూరపు బంధువు సంగతి చెప్పినట్టు.

ఆ ఏడు చెనిక్కాయ పీకే కాలంలో ఉమ విషజ్వరంతో పోయింది. కవలల్లో ఒకరు పోతే, తోడు కోసం తిరిగి వస్తారని మా ఊళ్లో భయం. అందుకని గుంతలో పక్కనే ఒక కొయ్యబొమ్మను పడుకోబెట్టి, బతికున్న బిడ్డ పేరు దానికి పెడతారు.

“ఇదేమ్మా నీ రమ. దీన్ని తోడు తీస్కపో, మళ్ల రావాకు,” అని వాళ్లమ్మ ఏడుస్తూ చెప్పింది.

ఏడాది తిరగ్గానే బతికిన బిడ్డకు కొత్త పేరు పెట్టాలి. ఆ తల్లి పెట్టలేదు. కొత్త పేరు పెడితే అదీ ఉమకు వినబడుతుందని ఆమె భయం. రమ పేరు బొమ్మతో పోయింది గనక ఇంట్లో వట్టి “పాపా” అని పిలిచేవాళ్లు.

ఆ పిల్ల మళ్లీ ట్యూషన్‌కు వచ్చినరోజు సార్ అలవాటుగా “రమాదేవీ” అన్నాడు. ఆమె పలకలేదు.

“రమ పోయింది సార్, ఉమ ఎంబడి,” అంది. తర్వాత తనంతట తానే లేచి “వాడిపోవడం” అని, ఒక అడుగు పక్కకు జరిగి, ఉమ నిలబడే చోట నిలబడి, ఉమ గొంతుతో “యాడికి” అంది. మధ్యాహ్నపు ఎండ వసారా అంచు దాకా ఉంది, ఐనా నేను ఆ చోటికి దూరంగా జరిగి కూర్చున్నాను.

సార్ ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయాడు. మా గోడ పక్కనుంచి అంతా వినబడింది.

“పాపకు పేరు పెట్టమ్మా. పేరు లేని బిడ్డ యా పేరుకైనా పలుకుతాది.”

“నాకూ తెలుసు సార్. నోరు రాలేదు,” అందామె.

ఆ తల్లికి చివరి దాకా నోరు రాలేదు. నీళ్లొచ్చినప్పుడు జనం గుళ్లో రాళ్లు పెకిలించుకున్నారు, చావిడిలోని పీర్లను గుడ్డల్లో చుట్టి ట్రాక్టర్‌లో పునరావాస కాలనీకి తెచ్చుకున్నారు. శ్మశానాన్ని ఎవరూ తవ్వలేదు. సార్ లేడు, ఆ తల్లీ లేదు, మేము కూర్చున్న వసారా మీద ఇప్పుడు చేపలు తిరుగుతుంటాయి.

పోయిన నెల కాలనీకి వెళ్లాను. కవలల్లో బతికిన ఆమె మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తోంది. “రమా” అని పిలిచాను. తిరిగి చూడలేదు. మళ్లీ పిలిచాను. అనకూడదనుకుంటూనే, “ఉమా” అన్నాను.

“ఏందక్కా, యాన్నుంచి వస్తాండావు? రా, కూకో,” అంది బొంగురు గొంతుతో. నవ్వుతూ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. “ఎండాకాలం నీళ్లు తగ్గుతాయంట. ఇద్దరం పోయి రమను తెచ్చుకుందాం. పాపం, శానా ఏండ్లాయ, అది ఆడ్నే ఉండాది.”

సరేనన్నాను.