అందించే మాట

కడపలో నాటకాలకు ప్రాంప్టింగ్ చెప్పే దస్తగిరి ఇంట్లో కూడా గొంతెత్తడు. ఉప్పు కావాలన్నా గుసగుసే. తెర పక్కన నిలబడి, నటుడు తడబడే లోపే డైలాగులో మొదటి రెండు మాటలు అందించి ఆగిపోతాడు. మిగతాది వాళ్లే అందుకోవాలి. ఆ అలవాటు ముదిరి మామూలు మాటలూ సగంలోనే వదిలేస్తాడు. భార్య షాహీన్ వాటిని పూర్తి చేస్తుంటుంది. ఈసారి దర్శకుడు రఘునాథ్ ఒక కథను తీసుకుని, నాటకం గురించే నాటకం చేశాడు. అందులో ట్రూపువాళ్లు ముసలి ప్రాంప్టర్ని మానిపించేస్తారు. ఆ వేషం వేసిన నటుడికి మాటలందించేది దస్తగిరే.

పోటీల రోజు ఆ నటుడు ఆఖరి డైలాగు మరిచిపోయి తెర పక్కకు చూశాడు. “నేనింక యాడికి పోవాలప్పా?” అనాలి. దస్తగిరి వేలు ఆ వరుస మీదే ఉంది, నోరు తెరిచే ఉంది, గొంతు మాత్రం పెగల్లేదు. అతని ముఖం చూస్తూ నటుడు అలాగే నిలబడిపోయాడు. హాలంతా చప్పట్లు. తెర పడగానే రఘునాథ్ పరుగున వచ్చి కావిలించుకున్నాడు. “దస్తగిరన్నా, ఆ మౌనం శానా బాగుండాది! ఆ డైలాగు తీసేస్తాండా. మిగతాదంతా వాళ్లకు నోటికొచ్చేసె. రేపట్నించి నువ్వు రాకున్నా జరుగుతాదిలే.”

“నేనింక యాడికి...” అని దస్తగిరి ఎప్పటిలాగే ఆగాడు. రఘునాథ్ అప్పటికే జడ్జీల దగ్గరికి వెళ్లిపోయాడు.