నా స్నేహితుని బొమ్మలు, నా ఉపన్యాసం

కర్నూలులో నా స్నేహితుని బొమ్మల ప్రదర్శన పెడుతున్నారని తెలిసిన రోజు నేను అన్నం సరిగా తినలేదు. ఒంట్లో బాగలేదా అని ఇంట్లో అడిగితే ఎండ దెబ్బ అన్నాను. అసలు సంగతి కడుపుమంట.

ఇద్దరం కోడుమూరులో ఒకే బడిలో చదివి, పదో తరగతి తప్పి, బతుకుతెరువుకు కర్నూలు చేరినవాళ్ళం. లారీల వెనక తలుపుల మీద నెమళ్ళూ తామరపూలూ వేసే షెడ్డులో అతను కుదిరాడు. నేను చీరలకు జాకెట్ గుడ్డలు, ఫాల్స్ అమ్మే మ్యాచింగ్ సెంటర్‌లో చేరి, తర్వాత సొంత అంగడి పెట్టుకున్నాను. సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరం గ్రంథాలయానికి పోయేవాళ్ళం. అక్కడ చిత్రకళ పుస్తకాలు అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ బీరువా తాళం చెవి నా చేతికే ఇచ్చేవారు. అది నాకు గొప్ప. పుస్తకం బల్ల మీద పరిచి నేను చదువుతుంటే అతను పక్కన కూర్చునేవాడు.

"నువ్వు సదువప్పా, నేను సూస్తా," అనేవాడు. నేనొక పేరా పూర్తి చేసేలోపే పేజీ తిప్పేసేవాడు.

ఆ బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. ఎరుపు పక్కన ఆకుపచ్చ పెడితే రెండూ ఎందుకు రెచ్చిపోతాయో, దూరపు కొండలకు నీలమెందుకు పూస్తారో, ముఖాన్ని ముఖంలా వేయకపోవడం ఎప్పటినుంచి మొదలైందో ఎవరడిగినా చెప్పగలను. కాలేజీ గడప తొక్కకపోయినా ఈ విషయాల్లో ఎవరికీ తీసిపోను. అతనికి వీటిలో ఒక్క మాటా తెలియదు. అయినా గోడకెక్కినవి అతని బొమ్మలు.

ఫోను చేసి పిలిచింది కూడా అతనే. "ఆదివారం పొద్దున రాప్పా. నువ్వు గూడా రెండు మాటలు మాట్లాడల్ల."

ఆ రెండు మాటల కోసం అంగట్లో గుడ్డ చింపుతూ, మడత పెడుతూ ఉపన్యాసం వల్లించుకున్నాను. నా కోరిక ఒకటే. వేసినవాడు అతనే కావచ్చు. అర్థం తెలిసినవాణ్ణి నేనని ఆ సభలో ఉన్నవాళ్ళకు తెలియాలి.

ఏసీ కోసం కిటికీలన్నీ మూసిన హాలు. ప్రతి పటం మీదా పసుపుపచ్చటి దీపం. ఒకదాంట్లో నీలిరంగు ఎద్దు, తలుపంత ఎత్తు. ఇంకోదాంట్లో ఉల్లిగడ్డల గుట్ట పక్కన కూర్చున్న ఆడమనిషి, ముఖం చిలకపచ్చ. మరోదాంట్లో మనిషీ లేదు, గొడ్డూ లేదు. గళ్ళు గళ్ళుగా రంగులే. తప్పులు వెతుకుతూ తిరిగాను. ఆడమనిషి చేయి మరీ పొడుగైందని సంతోషించబోయాను. అట్లా సాగదీయడం తప్పు కాదని నేను చదివిన పుస్తకమే గుర్తొచ్చి ఆ సంతోషమూ పాడైంది.

సభ మొదలైంది. ముఖ్య అతిథి కడప నుంచి వచ్చిన రిటైరైన డ్రాయింగు మాస్టారు. బాగానే మాట్లాడాడు, అదే నాకు కష్టం. తర్వాత శాలువా కప్పారు. జారిపోతున్న శాలువాను పట్టుకుని నా స్నేహితుడు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. నేను చొక్కా సర్దుకుని కుర్చీ అంచుకు జరిగాను. నిర్వాహకుడు మైకు పట్టుకుని, "ఇంగ అందరూ టీ తాగి బొమ్మలు సూడండి," అన్నాడు. నన్ను పిలవలేదు.

టీ గ్లాసు పట్టుకుని ఒక మూల నిలబడితే, నా అంగడికి వచ్చే ఒకావిడ గుర్తుపట్టింది.

"అన్నా, మ్యాచింగ్ అంగడాయన గదా నువ్వు! ఈడేం పని నీకు?"

"వేసినాయన నా స్నేహితుడక్కా."

"అట్లనా! శానా బాగేసినాడు. ఈ ఉల్లిగడ్డలాయమ్మ కోక సూడు, ఈ రంగు గుడ్డ నాకు కావల్ల. వంకాయ రంగా ఇది, నేరేడు రంగా?"

"వంకాయే," అంది ఆమె వెంట వచ్చిన చెల్లెలు.

"నీ కండ్లు! నేరేడు."

మా వ్యాపారంలో ఇట్లాంటి తగవు వాకిట్లో తేలుతుంది. దీపం కింద ఏ రంగునూ నమ్మం. చీరనూ గుడ్డనూ కలిపి పట్టుకుని బయటి వెలుతురులోకి వచ్చి, అక్కడ కలిస్తేనే చింపుతాం. ఆ అలవాటున నా చేతులు పటాన్ని మేకు నుంచి దించేశాయి. రెండు చేతులా పట్టుకుని వరండాలోకి నడిచాను.

"ఏయ్, యాడికి తీస్కపోతాండావప్పా?" నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చాడు.

"పట్టపగలే దొంగతనమా!" ఎవరో నవ్వారు.

"రంగు సూపిస్తాండా," అన్నాను.

ఎండలో ఆ కోక తిరగబడింది. అడుగున ఎక్కడో ఎరుపు పూసి, దాని మీద ఊదా, ఆ మీద పల్చగా నీలం వేసినట్టున్నాడు. పటం కాస్త కదిలిస్తే ఒక రంగు లోంచి ఇంకోటి తొంగిచూస్తోంది. అక్కాచెల్లెళ్ళ తగవు ఆగిపోయింది. "అబ్బ!" అన్నారెవరో. అట్లాంటి ఊదా నా అంగట్లో ఏ తానులోనూ లేదు. హాల్లో నేను పడిన అసూయ ఏపాటిదో అప్పుడు తెలిసింది. అసలుది ఇప్పుడు మొదలైంది.

"ఆ ఎద్దును గూడా తెచ్చి సూపించప్పా!" జనం వరండాలోకి వచ్చేశారు.

నేను ఉల్లిగడ్డల పటాన్ని గోడకు ఆనించేలోపే ఎద్దును నా స్నేహితుడే మోసుకొచ్చి నా చేతికిచ్చాడు. అతని ముఖం వెలిగిపోతోంది. "లోపల పిలిపీలేక పోతిని, ఏమనుకోవద్దప్పా. ఆ రెండు మాటలు ఇప్పుడు మాట్లాడు."

"ఇట్లనా? కనీసం దించనీ."

"దించొద్దు. ఎండ బాగుండాది."

ఎద్దు పటం నా తల దాటి ఉంది, దాని వెనక నేనెవరికీ కనపడను. నా ముందు పటం వెనకవైపు చెక్కలూ, దళసరి కాన్వాసూ తప్ప ఏమీ కనపడలేదు. ఆ కాన్వాసుకే చెప్పడం మొదలుపెట్టాను. గొంతు బాగా పలికింది. నీలం పక్కన అతను నారింజ ఎందుకు పెట్టాడో, ఎద్దుకు కాళ్ళు కురుచైతే బరువెట్లా పెరిగిందో, ఎర్రనేలను పైకెందుకు ఎత్తాడో ఒక్కొక్కటీ విప్పి చెప్పాను. అవతల నుంచి "అవునవును" అని వినిపించింది. ముగించగానే చప్పట్లు. అన్నేళ్ళ చదువుకు అదే మొదటిసారి.

చేతులు నొప్పి పుట్టి పటం కిందికి దించాను. జనం నా స్నేహితుని చుట్టూ మూగి చేతులు కలుపుతున్నారు. ఎంత ఆలోచించి వేశావప్పా అని మెచ్చుకుంటున్నారు. నేను చెప్పినవన్నీ అతని ఆలోచనలైపోయాయి. అతను కాదనలేదు, అర్థమై ఉండదు కూడా.

నా అంగడికి వచ్చే ఆవిడ మాత్రం నా దగ్గరికి వచ్చింది. "అన్నా, మాట్లాడింది ఎవురు, కడప సారేనా? శానా బాగా చెప్పినాడు."

"నేనేనక్కా."

"పో అన్నా!" అని నవ్వింది. "రేపు అంగడి తీస్తావా లేదా, అది చెప్పు."

తీస్తానన్నాను. అంతలో నా స్నేహితుడు గళ్ళ బొమ్మను తెచ్చి, "దీన్ని గూడా ఎత్తి పట్టుకోప్పా," అన్నాడు. పట్టుకున్నాను.