గుడ్లగూబలకి ఇల్లు వదిలేసి కోళ్ల పాకలో కాపురం

మా చిన్నప్పుడు ఇంటిని గుడ్లగూబలకి అప్పగించి, మేమంతా కోళ్ల పాకలో కాపురం పెట్టాం... నిజమండీ బాబూ, నవ్వకండి!

అప్పటిదాకా అమలాపురంలో అద్దె వాటాలో ఉండేవాళ్లం. మా అమ్మకి మట్టి పిచ్చి. రాజోలు దగ్గర కాలవ పక్కన చిన్న కొబ్బరి తోట, అందులో పాత పెంకుటిల్లు దొరకగానే నాన్నని, నాయనమ్మని ఒప్పించి అందరినీ అక్కడికి లాక్కొచ్చేసింది. రాగానే ఆనప పాదు, బీర పాదు, చేమదుంపలు, చిక్కుడు పందిరి... ఓ పక్క తాటాకుల కోళ్ల పాక. కాలవ వైపు పొదలు కొట్టించేద్దామని నాన్న అంటే ఒప్పుకోలేదు.

"పిట్టలెక్కడికి పోతాయండీ? ఆ మూల ఆటికి ఉంచెయ్యండి" అంది.

ఇంతా చేస్తే... కోడిపిల్లలు బతికేవి కావు! పొద్దున్నే గంప ఎత్తి చూస్తే తల్లికోడి ఒక్కటే బిక్కమొహం వేసుకుని ఉండేది. పందికొక్కులు నేలలోంచి కన్నం తవ్వుకుని వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయేవి. చేమదుంపల పనీ అంతే. అమ్మ పాక ముందు కూర్చుని ఏడ్చేది. నాన్న చూసి చూసి చెప్పేశారు.

"ఈసారి పొదిగిన పిల్లలు కూడా పోతే సామాను సర్దేద్దాం. అమలాపురం వెళ్లిపోదాం. ఇంక నా వల్ల కాదు."

నాయనమ్మకి కావలసిందీ అదే. ఆవిడ మనసు ఇంకా అమలాపురంలోనే ఉండేది.

మళ్లీ ఓ కోడి పొదుగుకి వచ్చింది. అమ్మ గుడ్లు, గడ్డి, ఉరుములకి గుడ్లు చెడిపోకుండా ఓ ఇనప మేకు... అన్నీ సిద్ధం చేసుకుని, పెద్ద గంప కోసం అటక ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే పైనుంచి బుస్సుమని చప్పుడు. అమ్మ కెవ్వుమని అరిచి నిచ్చెన మీంచి జారి కింద పడింది. పామే అనుకున్నాం!

పక్క తోట వీర్రాజు మావయ్య కర్రా, టార్చిలైటూ పట్టుకుని పైకెక్కాడు. ఎక్కినంత వేగంగా దిగిపోయాడు.

"పాము కాదండోయ్... మొహాలండీ! తెల్లగా... గుండ్రంగా... నన్నే చూత్తన్నాయండీ!"

గుడ్లగూబ పిల్లలు. బుసలు కొడుతున్నది అవే!

నాయనమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని గడపలో కూలబడిపోయింది. ఆ రోజుల్లో గుడ్లగూబ ఇంట్లో దూరిందంటే ఆ ఇల్లు పాడుపెట్టాల్సిందే. అంటే తలుపులు మూసేసి, కొన్నాళ్లు మనిషన్న వాడు లోపల కాలు పెట్టకూడదు. తర్వాత శాంతి చేయించి, పాలు పొంగించుకుని మళ్లీ చేరాలి.

"చెప్పేనా? ఈ కొంప మనకి అచ్చిరాదని చెప్పేనా? లేవండర్రా! అమలాపురం బస్సెక్కేద్దాం" అంది నాయనమ్మ.

నాన్న మొహంలో ఎంత ఆనందమో! అమ్మ కుంటుకుంటూ వచ్చి, ఎంతో వినయంగా అడిగింది.

"ఆయ్, అలాగే అత్తయ్యగారూ, ఇల్లు పాడుపెడదావండి. పాడుపెట్టడవంటే ఎవరూ లోపలికెళ్లకూడదు కదండీ? ఆ పిట్టల్ని తోలడానికి కూడా?"

"మరంతేగా."

"ఇల్లే కదండీ, పెరడు కాదు కదా?"

నాయనమ్మ కాదనలేక తల ఊపింది. ఆవిడ పద్ధతికే ఆవిడ కట్టుబడిపోయింది! సాయంత్రానికల్లా మా చాపలు, బిందెలు, నాన్న ఆఫీసు బట్టలు అన్నీ కోళ్ల పాకలోకి చేరిపోయాయి.

అబ్బబ్బ, ఆ కాపురం! కోడిపుంజు సరిగ్గా నాన్న చెవి దగ్గర కూసేది. ఓ పెట్ట ఆయన మడతపెట్టిన పంట్లాంలో రోజూ గుడ్డు పెట్టేది. చీకటి పడే వేళకి అటక కిటికీలోంచి తల్లి గుడ్లగూబ తెల్లగా, చప్పుడన్నది లేకుండా బయటికి వచ్చేది. కాసేపటికి కాళ్లకి ఏదో వేలాడుతూ తిరిగొచ్చేది.

"ఓలమ్మో! పందికొక్కు పిల్లర్రా!" అని నాయనమ్మ చాప మీంచి ఎగిరి కూర్చుంది.

అది మొదలు... రోజూ సాయంత్రం ముందుగా చాప వేసుకుని కూర్చునేది నాయనమ్మే. మేం అల్లరి చేస్తే, "నోరు మూసుకోండర్రా, పాపం అది పిల్లలకి కూడు తెచ్చుకుంటంది" అని కసిరేది.

ఆసారి కోడిపిల్లలన్నీ బతికాయి. మనం పక్కన పడుకున్నాం కాబట్టి పందికొక్కులు రాలేదన్నారు నాన్న. మరి చేమదుంపలు ఎవరు కాపాడారండీ? గుడ్లగూబ పిల్లలు ఎగిరిపోయాక ఇల్లు కడిగి, శాంతి చేయించుకుని లోపలికి వెళ్లాం. అటక నిండా ఎలకల బొచ్చు, సన్నటి ఎముకలు. అమలాపురం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు కొత్తపేట దగ్గర నేనూ ఓ చిన్న పెరడు మొదలుపెట్టాను. కోళ్లు, కూరపాదులు, పిట్టలకి వదిలేసిన ఓ మూల. ఎన్నాళ్లుగానో చూస్తుంటే ఈమధ్యే ఓ తెల్ల గుడ్లగూబ కూడా వచ్చింది. సంతోషంతో ఊరంతా చెప్పుకున్నాను.

మొన్న పొద్దున్న కొబ్బరి చెట్టు కింద రెక్కలు పరుచుకుని పడి ఉంది. పట్టుకుంటే చల్లగా తగిలింది. పక్క తోటాయన్ని అడిగాను.

"ఎలకలు ఆగట్లేదని చెట్లకి మందెట్టేవండి. గుడ్లగూబకి మేవేం ఎట్టలేదండీ" అన్నారు, ఎంతో మర్యాదగా.

మందు తిన్న ఎలకని ఇది తింది. అంతే! నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు.

అప్పట్లో దాన్ని చూస్తే హడలిపోయేవాళ్లం... ఆ భయంతోనే ఇల్లు ఖాళీ చేసి ఇచ్చేశాం. ఇప్పుడు ఎవరికీ ఏ భయమూ లేదు. దానికి మాత్రం తినడానికి ఒక్క మంచి ఎలక లేదు.

మీ అటక మీద ఎప్పుడైనా ఇలాంటి చుట్టాలు దిగారా? మీ వైపు ఇంకా కనిపిస్తున్నాయా? ఒక్కరైనా అవునని చెప్పండి...