అవ్వ సముద్రంలోకి దిగిన రోజు

నా చిన్నప్పుడు మా కొత్తచెరువు అనే కరువు ఊరి వైపు పిల్లలకు మోకాటి లోతు నీళ్లు కనబడితేనే పండగ. అలాంటిది, తొమ్మిదేళ్ల వయసులో అవ్వతో యాత్ర బస్సులో పోయి ఏకంగా సముద్రం చూశాను. చూసి ఊరుకుంటానా? నడుం లోతుకు దిగి మునకలేస్తుంటే ఒళ్లంతా సూదులు గుచ్చినట్టు చురుక్కుమంది. ఎంత వెతికినా నీళ్లలో పురుగూ లేదు, చేపా లేదు. ఏడుస్తూ ఒడ్డుకొచ్చేసరికి చేతులనిండా, మెడనిండా ఎర్రటి దద్దుర్లు.

ఆ రోజుల్లో ఒంటిమీద ఏది లేచినా జనానికి ముందు తోచేది మశూచి. పేరెత్తడానికే భయపడి అమ్మవారు అనేవాళ్లు. బస్సు మాట్లాడిన పెద్దమనిషి నన్ను చూసి పది అడుగులు వెనక్కి జరిగాడు.

“అమ్మవారు పోసినాది. ఈ పిల్లను బస్సెక్కనిచ్చేది లేదు.”

నీళ్లలో ఏదో కుట్టిందని మొత్తుకున్నాను. “యాడుండాది, చూపీ” అన్నాడు. కంటికి కనబడనిదాన్ని నేనెక్కడ తెచ్చి చూపేది? ఆయనగారి సముద్రస్నానం అంటే పాదాలు తడుపుకుని నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకోవడమే. మిగతావాళ్లదీ అంతే. నీళ్లలోకి దిగనివాళ్లంతా కూడి, నీళ్లలో ఏమీ లేదని తేల్చేశారు! పొద్దున బస్సులో నేను పంచిన మురుకులు తిన్నవాళ్లే నన్ను ఊరుగాని ఊళ్లో ఆ ఇసుకలో వదిలేసి పోదామన్నారు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అవ్వ గొడవపడలేదు. ఈత రాదు, మా ఊరి కుంటలో కూడా ఎన్నడూ దిగి ఎరుగదు. కొంగు నడుముకు బిగించి, నేను మునిగిన చోటికే పోయి, మెడదాకా నీళ్లలో కూర్చుంది. అల వచ్చినప్పుడల్లా తల మాయమయ్యేది. నేను అవ్వా అవ్వా అని ఒడ్డునుంచి అరుస్తూనే ఉన్నాను. కాసేపటికి తిరిగొచ్చి ఆయన ముందు రెండు చేతులూ చాపింది. నావంటి దద్దుర్లే, నాకంటే ఎక్కువ.

“ఏమప్పా, నాకు అమ్మవారు పోసి నలభై ఏండ్లాయ. నా మొగంమీది గుంటలు కనపళ్లేదా? ఒకతూరి పోసినోళ్లకు మళ్లా పోస్తాదా?”

పోయదని అక్కడ తెలియనివారు లేరు. అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. ఆ పెద్దమనిషి మాత్రం తప్పయిందని ఒక్క మాట అనకపోగా, “సరే, వెనక సీట్లో కూర్చోండి” అని దయచూపించాడు! అవ్వ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, డ్రైవరు వెనకాల ఆ పెద్దమనిషి కూర్చునే సీట్లోనే కూర్చోబెట్టింది. తడిచీరతోనే నా పక్కన కూర్చుంది. మంటగా ఉందా అవ్వా అని నేనడిగితే, “నీకెంతో నాకూ అంతేలే పాపా” అంది.

ఆ రోజు మమ్మల్ని ఏం కుట్టిందో ఈనాటికీ నాకు తెలియదు. కానీ ఎక్కడైనా నలుగురు కూడి ఒకరిని దూరం పెడితే నేను నిలవలేను. కారణాలు అడగను, రుజువులు చూడను. ముందు పోయి వాళ్ల పక్కన కూర్చుంటాను.